సమ్మెలో నాటిన నారు

ఇన్నేళ్లూ ఒక నారుకట్ట బరువు మోస్తున్నాను. నవ్వకండి. పేరు మాత్రం అడగొద్దు. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలతో ఈ ఒక్క సంగతీ మీకు చెబుతాను.

తణుకు పక్కన మా ఊరు. తొంభైల్లో ఒక సార్వాకి, అదే వానాకాలం పంటకి, మా నాట్ల ముఠా ఆడవాళ్లం సమ్మె కట్టాం. నారు తీసే మగవాళ్లకి ఎక్కువ కూలి, పొద్దస్తమానం నడుం వంచి నాటే మాకు తక్కువ. సమానం చేసేదాకా చేలో కాలు పెట్టేది లేదని ఒట్టేసుకున్నాం. అప్పటికే మగవాళ్లు తీసేసిన నారు గట్ల మీదే ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం గేదెకి గడ్డి కోద్దామని వెళ్లాను. కాలవ పక్క చేను గట్టున నారుకట్టలు వాడిపోతున్నాయి. కొసలు పసుపెక్కాయి. చుట్టూ ఎవరూ లేరు. ఒక కట్ట నీళ్లలో పెట్టొద్దామనే దిగాను. పెట్టి వచ్చేస్తే పోయేది! చెయ్యి ఊరుకుందా? కట్ట విప్పింది. వంగాను. తలెత్తి చూసేసరికి నా ముందు ఒక వరస, మేం మునుం అంటాం, నిండుగా నాటి ఉంది.

ఎందుకు నాటాను? రైతు మీద ప్రేమా? ఆయన్ని చూస్తేనే నాకు ఒళ్లుమంట. కూలి ఆశా? ఎవరిస్తారు? నారు ఎండితే పాపమని చిన్నప్పుడు అమ్మ మొట్టికాయలు వేసి నేర్పిన చేతికి సమ్మె సంగతి తెలియలేదా, లేక నాలోనే ఒక పిరికిది ఉండి, నారు వంక పెట్టుకుని చేలో దిగిందా? ఇప్పటికీ తవ్వుకుంటూనే ఉంటాను. అడుగు తగలదు.

మర్నాడు రైతులు మమ్మల్ని పిలిచి ఆ మునుం చూపించారు.

"మీలోనే ఒకత్తి దిగి నాటేసిందిగా. ఇంకా ఈ పంతం ఏంటి?"

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేనూ అందరిలాగే చూశాను. ఆ సాయంత్రానికి పట్టు సడలిపోయింది, పాత కూలికే ఒప్పుకున్నాం. నింద మా ముఠాలో నాగమణి మీద పడింది. దాని మొగుడు ఆ చేను రైతు దగ్గరే పాలేరు మరి. ముఠా దాన్ని వెలేసింది. ఎవరూ పనికి పిలవలేదు. నేనూ పిలవలేదు.

పామాయిల్ తోటల్లో పని వెతుక్కుంటూ జంగారెడ్డిగూడెం బస్సెక్కబోతూ నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, నేను కాదని నువ్వైనా నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నానే."

"నువ్వొక్కదానివేనే తల్లీ" అని ఏడ్చింది. నిజమే. ఊళ్లో నాకంటే గట్టిగా నమ్మినవాళ్లు ఎవరుంటారు?

తర్వాతి సమ్మెలన్నిట్లోనూ ముందు నేనే కూర్చున్నాను. నారు కళ్లముందే ఎండినా చేతులు చంకల్లో దాచుకున్నాను. సమానం కాలేదు గానీ, కూలి పెరిగింది. "నీ అంత గట్టి మనిషి లేదే" అంటారు మావాళ్లు. ఆ గట్టితనం ఎక్కడ నేర్చుకున్నానో ఎవరూ అడగరు. ఇప్పుడు చెబితే పోరాటం పలచబడుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పోరాటం కోసమా నా భయం, నా పరువు కోసమా?

నాగమణి మళ్లీ ఊరు రాలేదు. ఇది దాని చెవిన పడుతుందో లేదో. పడితే ఏమంటుంది? నా మొహాన ఉమ్మేస్తుందేమో. ఉమ్మనీ.

నాగమణీ, ఆ మునుం నాటింది నేనే.