తాత కాళ్ల నొప్పులు, ముత్తమ్మ మీద నింద

మొన్న మందుల దుకాణంలో ఎవరో నొప్పుల తైలం సీసా జారవిడిస్తే, ఆ ఘాటుకు టేకులపల్లి దగ్గరి మా ఊరు, తొంభైల నాటి మా తాత మంచం కళ్ల ముందుకొచ్చాయి.

తాత బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఎండాకాలం వస్తే తునికిపండ్ల తీపి, ఆరబోసిన ఇప్పపూల మత్తువాసన, వాకిట్లో మేమాడే అచ్చనగండ్ల చప్పుడు, వాటన్నిటి మధ్యా ఆయన దగ్గూ నవ్వూ వినిపించేవి. ఆ ఏడు ఖమ్మం డాక్టరు రక్తంలో కొవ్వు ఎక్కువైందని రోజూ వేసుకొమ్మని ఒక మాత్ర రాశాడు. కొన్నాళ్లకు తాతకు తొడలు, పిక్కలు పీకడం మొదలైంది. ముసలితనమే అనుకుని నొప్పుల తైలం రుద్దుకుంటూ, కిరాణా కొట్లో దొరికే నొప్పి బిళ్లలు పూటపూటా మింగేవాడు. కాస్త తేలికయ్యేది, మళ్లీ పట్టుకునేది.

ఒక పొద్దున ఆయన మంచం మీంచి లేవలేకపోయాడు. మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. నాయనమ్మ చూపు పక్క గుడిసె వైపు తిరిగింది. అందులో ముత్తమ్మ ఒక్కతే ఉండేది. తునికాకు కోసి బతికే ఆమె, అప్పుడప్పుడు తాతకు ఉడికించిన ఇప్పపూలు తెచ్చిపెట్టేది.

“గా ముత్తమ్మనే ఏదో పెట్టింది. గందుకే కాళ్లు పడిపోయినయ్,” అంది నాయనమ్మ.

ఆ మాట బోరింగు దగ్గరికి చేరేసరికి చేతబడి అయింది. ముత్తమ్మ వస్తే ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకున్నారు. ఆమె నన్ను చూసి ఎప్పటిలాగే నవ్వితే, ఆ నవ్వులో ఏముందోనని నాకూ భయమేసింది. నాన్న తాతను జీపులో ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయిన రోజే, కొందరు మగవాళ్లు ఆమె వాకిట్లో నిలబడి ఊరు విడిచి పొమ్మన్నారు.

ఇంకేం మందులు వాడుతున్నావని డాక్టరు అడిగితే తాత జేబులోంచి నొప్పి బిళ్లలు తీశాడట. పరీక్షలు చేయించాక డాక్టరు అసలు సంగతి చెప్పాడు. కొవ్వు మాత్ర అరుదుగా కొందరికి కండరాలను దెబ్బతీస్తుందట, తాత నొప్పి అదేనట. నొప్పి బిళ్లలు ఆ బాధను కప్పిపెట్టి, కండరాలు కరిగి రక్తంలో కలవడంతో అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలను ఇంకా కుంగదీశాయట. రెండూ ఆపించి సెలైన్లు ఎక్కించాడు.

నాన్న తిరిగొచ్చి నేరుగా ముత్తమ్మ దగ్గరికి పోయాడు. వెనకే నేనూ. ఆమె మూట కట్టుకుంటోంది.

“మావోళ్లు తప్పు మాటన్నరు అత్తా. గా మాత్రలతోనే అయింది. నువ్వు పోకు.”

“గా మాత్ర మీద ఒక్కరికన్న అనుమానం రాలే,” అంది ముత్తమ్మ మూట ముడి బిగిస్తూ. “నా మీదనే వచ్చింది గద బిడ్డా.”

జూలూరుపాడులో ఉన్న చెల్లెలి దగ్గరికి పోయిన ఆమె మళ్లీ రాలేదు. తాత కోలుకుని చాలా ఏళ్లు బతికాడు.

ఈమధ్య ఊరికి పోయాను. బోరింగు లేదు, తునికాకు కట్టలు లేవు, గుడిసె ఉన్నచోట ఎవరిదో రేకుల షెడ్డు. ఇక్కడ ముత్తమ్మ అని ఒకామె ఉండేదని చెబితే, ఆమెను చూడనైనా చూడని కుర్రాడు వెంటనే అన్నాడు: “అవ్, చేతబడి చేసేదంట గద?”