పిల్లిగద్దల లెక్క

మా బావ గిడ్డయ్యకు ఒకచోట కాలు నిలవదు. అలాంటి మనిషి గుంటమగ్గంలో రోజుకు పది గంటలు ఎట్లా కూర్చుంటాడో, మా అక్క పద్మమ్మను కట్టుకున్న ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా నాకు అంతుబట్టలేదు.

కార్తీకం దగ్గర పడితే మరీ. సాయంత్రం నాలుగు కాగానే పేక నేసే నాడె పక్కన పెట్టి, మోపెడ్ తీసి, ఎమ్మిగనూరు దాటి ఆదోని దారిలో ఉన్న గడ్డిబీడుకు పోతాడు. ఎక్కడో ఉత్తరాన మంచు దేశాల నుంచి అక్కడికి పిల్లిగద్దలు వస్తాయి. అవి చెట్టెక్కి నిద్రపోవు. పగలంతా చేలల్లో మిడతలు తిని, పొద్దుగుంకే వేళకు ఒక్కొక్కటే వచ్చి గడ్డిలో నేలమీదే పడుకుంటాయి. బావ వాటిని లెక్కపెడతాడు. పదేళ్ళ కింద పక్షుల మీద చదువుకునేవాళ్ళు ఎవరో వచ్చి, ఏటా ఎన్ని దిగాయో రాయమని ఒక నోటుబుక్కు ఇచ్చి పోయారు. వాళ్ళు అడిగింది ఒక్కసారే, ఈయన మానింది లేదు. నేనూ తోడు పోతాను. పనీపాటా లేక కాదు, ఆయన్ను ఒక్కణ్ణే పంపితే మా అక్క నన్ను తిడుతుంది గనక.

పోయిన ఏడు ఆ బీడును సోలారు పలకలకు ఇవ్వబోతున్నారని తెలిసింది. బావకు అన్నం సయించలేదు. తిరుపతిలో చదువుకునే దీపశ్రీ అనే అమ్మాయి లెక్క చూడటానికి వచ్చింది. వందకు పైగా దిగితే బీడును వదిలెయ్యమని సర్కారుకు గట్టిగా రాయొచ్చనీ, తక్కువైతే కష్టమనీ చెప్పింది. ముగ్గురం గట్టుమీద కూర్చుని, చీకటి పడేదాకా చూశాం.

"నాకు అరవై ఒకటి వచ్చాయి," అంది ఆ అమ్మాయి.

"నూటా ఇరవై రెండు," అన్నాడు బావ. "ఏం పాపా, సగం యాడ పోగొట్టుకున్నావు?"

దీపశ్రీ పాత నోటుబుక్కు తిరగేసింది. నూట పద్దెనిమిది, నూట ఇరవై నాలుగు, ఏ ఏడు చూసినా వంద దాటే ఉంది. "కొత్తదాన్ని కదా, నాకే తప్పాయేమో. మీ లెక్కే రాస్తాను," అంది. మర్నాడు పొద్దున ఆదోనిలో రైలెక్కి పోతానంది. బావ ఇంటిదాకా మోపెడ్ మీద పాట పాడుతూనే ఉన్నాడు.

మర్నాడు మా అక్క కొత్త పడుగు అతుకుతోంది. మా ఇళ్ళల్లో పోగులు లెక్కపెట్టే తీరు ఒకటుంది. మగ్గం మీద పోగులు దూర్చే దువ్వెనలాంటి అచ్చులో సందుకు రెండు పోగులు. అందుకని బొటనవేలితో ఒక కణుపు తాకితే రెండు. నాలుగు వేళ్ళకు పన్నెండు కణుపులు గనక చెయ్యి ఒకసారి తిరిగితే ఇరవై నాలుగు. అయిదుసార్లు తిరిగితే నూట ఇరవై, ఒక పుంజం. పలక పట్టకముందే మాకు ఈ లెక్క వస్తుంది.

అక్క చెయ్యి తిప్పి "ఇరవై నాలుగు" అంది. టీ తాగుతున్న బావ గ్లాసు కింద పెట్టి తన చెయ్యి చూసుకున్నాడు.

"సీనా, గద్దకు ఒక కణుపు తాకినా నేను. చెయ్యి తిరిగితే పన్నెండు గద్దలు. ఇరవై నాలుగని రాసినా గదప్పా!" అన్నాడు నాతో.

పదేళ్ళూ అంతే రాశాడు. నాకు నవ్వొచ్చింది గానీ ఆయన ముఖం చూసి మింగేశాను. ఆ వెంటనే భయమూ వేసింది.

"గమ్మునుండు బావా. నువ్వు సెప్తే గదా తెలిసేది. నూటా ఇరవై రెండని పోతే బీడు మిగుల్తాది," అన్నాను.

ఆయన చెప్పులు వేసుకున్నాడు, విప్పాడు, మళ్ళీ వేసుకున్నాడు. వాకిలి దాకా పోయి వచ్చాడు. ఫోన్ చేస్తే దీపశ్రీ ఎత్తలేదు.

"ఒక్క పోగు తప్పుడు సందులో పడితే నేసిందంతా విప్పుతాం. ఇది ఎట్ల ఇడిసిపెట్టేది? వచ్చే ఏడు ఇంకొకరొచ్చి అరవై లెక్కపెడితే, సగం గద్దలు పోయినాయి, ఇంక ఈడ ఏముందంటారు."

"అది అప్పుడు సూద్దాం."

"నువ్వు బండెక్కుతావా, ల్యాదా?"

ఆదోని స్టేషన్లో రైలు రాకముందే ఆమె దొరికింది. బావ చెయ్యి చాపి, కణుపు కణుపూ తాకి చూపించాడు. దీపశ్రీ కాగితం తీసి నూట ఇరవై రెండు కొట్టేసి అరవై ఒకటి రాసింది. పాత లెక్కలన్నీ సగం చేసింది. "పదేళ్ళూ తగ్గకుండా వస్తున్నాయని రాస్తాను. కానీ వంద లేవు కదా గిడ్డయ్యగారూ," అంది.

సరిపోలేదు. వేసవిలో బీడులో ముప్పాతిక వంతుకు కంచె పడింది. నెల రోజులు నేను బావతో సరిగ్గా మాట్లాడలేదు. నిజం చెప్పి సాధించిందేమిటని నా కడుపుమంట.

ఈ కార్తీకంలో మిగిలిన ముక్కకు పోయాం. బావ ఈసారి వేళ్ళు ముట్టలేదు, పైకి అంటూ లెక్కపెట్టాడు. పంతొమ్మిది దగ్గర ఆగిపోయాడు. ఇంకేమైనా వస్తాయేమోనని గట్టుమీద అటూ ఇటూ తిరిగాడు. నాకు ఏడుపొచ్చింది.

"నలభై రెండు యాడో దిగుండాల సీనా," అన్నాడు. "నూటా ఇరవై రెండనే అనుకోనుంటే, ఎన్నింటిని ఎతకాల్నో గూడా తెలిసేది కాదు."

అప్పటి నుంచి రోజుకో దిక్కు. హొళగుంద బీళ్ళలో పన్నెండు దొరికాయి. నిన్న దేవనకొండ వైపు ఏడు. ఈ పొద్దు నేను పళ్ళు తోముకోకముందే వచ్చి మా వాకిట్లో హారన్ కొడుతున్నాడు. ఇంకా ఇరవై మూడు ఉన్నాయి.