తొమ్మిదో పెట్టెలో సున్నా

మే నెల నాలుగో సోమవారం గ్వాక్ మల్‌సున్ పదకొండు ఎర పెట్టెలు చూసింది. పదింటిలో పురుగులున్నాయి. తొమ్మిదో దానిలో మాత్రం, వరసగా మూడో వారం, సున్నా.

చొంగ్‌దో పీచ్ తోటల్లో యాభై ఎనిమిదేళ్ల మల్‌సున్‌కి ఊరి రైతులు అప్పగించిన పని ఇది. పెట్టెలో ఆడపురుగు వాసన వేసే రబ్బరు ముక్క, అడుగున జిగురు అట్ట. మగపురుగులు ఆశపడి వచ్చి అంటుకుంటాయి. అవి ఎక్కువగా పడిన ఎనిమిది రోజులకి తోటలో గుడ్లు పగులుతాయి. అప్పుడు మందు కొడితే సరి. పిల్లపురుగు కాయలోకి దూరాక ఏం కొట్టినా దండగే.

తొమ్మిదో పెట్టె డెబ్బై నాలుగేళ్ల తక్ యోంగ్‌బేది. నిరుడు ఆయన కాయల్లో నూటికి ఇరవై పుచ్చులు. ఈసారీ అంతే అయితే ఊరి పేరున్న డబ్బాల్లో ఆయన పళ్లు పెట్టబోమని రైతు సంఘం చెప్పేసింది.

మల్‌సున్ అట్టను ఎండకు ఎత్తి పట్టింది. జిగురు మీద పురుగుల రెక్కల నుంచి రాలిన బూడిదరంగు పొడి, మూడు తెగిన కాళ్లు.

"బాబాయ్, మీ తోటకొచ్చే పురుగులు గుమ్మంలో చెప్పులు విడిచినట్టు కాళ్లు విడిచి వెళ్తాయా?"

"గాలికి ఎగిరొచ్చి పడుంటాయిలే అమ్మాయ్."

"ఆ గాలే నా కనుబొమల పట్టకారు కూడా ఎత్తుకుపోయింది," అంది అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తున్న ఆయన భార్య.

తక్ మెడ ఎర్రబడింది. "ఇంటికి మనిషొస్తుంటే ఊడ్చిపెట్టుకోమా? అన్ని పురుగులున్న పెట్టె నీకెలా చూపించను?"

"జ్వరం చూద్దామని వస్తే థర్మామీటరు చన్నీళ్లలో ముంచి ఇచ్చినట్టుంది మీ మర్యాద! ఏ రోజు ఎక్కువ పడ్డాయి?"

"నాకేం గుర్తు? రోజూ రెండో మూడో..."

"సంత రోజు పంతొమ్మిది," అంది భార్య. "పైకి లెక్కపెడుతూ ఒక్కోటీ పీకాడు. నా బస్సు పోయింది."

సంత మొన్న గురువారం. మల్‌సున్ వేళ్లు మడిచింది. మిగతా ఊరు మందు కొట్టేది పై వారం బుధవారం. తక్ తోట ఎండ పడే వాలులో ఉంది, అక్కడ పురుగు ముందే లేచింది.

"అందరితో పాటు కొట్టుంటే?" అన్నాడు తక్ నెమ్మదిగా.

"పురుగు కాయలో కాళ్లు చాపుకుని మిమ్మల్ని చూసి నవ్వేది. ఈ శుక్రవారమే కొట్టండి."

శుక్రవారం పొద్దున్న ఆరింటికి ఊళ్లో అందరికంటే ముందు తక్ తోటలో మందు యంత్రం మోగింది. ఆగస్టు కోతలో ఆయన పళ్లలో నూటికి మూడు పుచ్చులు.