బంద్ నాడు ఇడిసిన బండి

కోరుట్ల పోశవ్వ ఒకప్పుడు ఒళ్లమ్ముకొని బతికింది. ఇప్పుడు గసోంటి ఆడోళ్లకే ఎయిడ్స్ రాకుండ నిరోధ్ ప్యాకెట్లు పంచుతది. జగిత్యాల మీటింగుల ఎయిడ్స్ ఆఫీసు సార్లు సర్కారిచ్చిన పైసలన్నీ గోడల మీద ఎయిడ్స్ రాతలకే పెట్టి, ఈ ఆడోళ్ల సంగతి "మిగిలితె సూద్దాం" అన్నరు. పోశవ్వకు ఒళ్లు మండింది.

తెలంగాణ బంద్ నాడు పంచెటి డబ్బా పట్టుకొని ఆమె ఎక్కిన ఆటోను పోరగాండ్లు ఆపిండ్రు. "పాలబండికి, అంబులెన్సుకే తొవ్వ" అన్నడు జెండా పట్టుకున్న రాజలింగం.

"గివి అందకుంటె పానాల మీదికొస్తది కొడుకా" అని పోశవ్వ డబ్బా మూత తీసింది. లోపలున్నయి సూసి అందరు తలకాయలు దించుకున్నరు. ఆమె పకపక నవ్వింది. రాజలింగం సిగ్గుపడుకుంటనే తన జెండాను ఆటోకు కట్టిండు.

అప్పటిసంది ఎప్పుడు బంద్ అయినా మైకుల గదే మాట: "పాలబండి, అంబులెన్సు, పోశవ్వ బండి. గీటిని ముందుగాల ఇడువుండ్రి."