పొడుగు బోర్డు, శారదక్క ఉసిరి మొక్క

మొన్న శుక్రవారం నేను వెలగబెట్టిన ఘనకార్యం చెబుతా, వినండి. అప్పట్నుంచి శారదక్క నాతో ఆడింది ఒక్కటే మాట!

ఈ ఎడారి దేశంలో, అల్ వుకైర్‌లో ఉన్న మన తెలుగువాళ్ళం ఏటా కార్తీక వనభోజనాలకి మెసయీద్ అవతల ఇసుక దిబ్బల దగ్గరికి వెళతాం కదా. అక్కడ వనం ఎక్కడిది నా మొహం! పక్క ఫ్లాట్ శారదక్క బాల్కనీలో గింజ నాటి, నాలుగేళ్ళు పెంచిన ఉసిరి మొక్కే మా వనం. కుండీతో సహా తెస్తుంది. చుట్టూ చాపలేసుకుని ఉసిరి నీడన తిన్నామనుకుంటాం. అదొక్కటే ఉంది మాకు.

దిబ్బ మీద జారడానికి బోర్డులు అద్దెకిస్తున్నారు. పిల్లల్ని చూసి నాకూ ఉబలాటం పుట్టింది. "మీకెందుకండీ, తొంభై కిలోల మనిషి!" అంది మా ఆవిడ సుధ. ఇంకేం, పౌరుషం వచ్చేసింది.

అద్దెకిచ్చే పఠాన్ భాయ్ పొట్టి బోర్డు తీశాడు. "నయా ఆద్మీ, ఛోటా లేలో. లంబావాలా బహుత్ తేజ్ జాతా హై." కొత్తవాడివి, పొట్టిది తీసుకో, పొడుగుది మహా స్పీడుగా పోతుందని.

నేనేమో ఇంజనీర్ని! "కాదు భాయ్, పొడుగు బోర్డు ఇసుకకి ఎక్కువ ఆనుతుంది, రాపిడి ఎక్కువ, స్లోగా పోతుంది" అని ఆయనకే క్లాసు పీకి, అన్నిట్లోకీ పొడుగూ వెడల్పూ ఉన్నది కాళ్ళకి బిగించుకున్నా. యల్లా, ఇక పద!

రెండు గజాలు బానే ఉంది. తర్వాత, అమ్మ బాబోయ్! పిల్లల పొట్టి బోర్డులు ఇసుకలో కూరుకుంటూ దిగాయా, నాది పైపైన దూసుకుపోతోంది. తిప్పితే తిరగదు. ఎదురుగా చాపలు. మధ్యలో ఉసిరి మొక్క!

"అక్కా! మొక్క తియ్యి, మొక్క!" అని అరిచా. అందరూ లేచి పరిగెత్తారు. శారదక్క మాత్రం రెండు చేతులూ చాపి మొక్కకి అడ్డంగా నిలబడింది! ఇంక దారిలేక పక్కకి పడిపోయా. అక్కకి ఏమీ కాలేదు. బోర్డు కొస మాత్రం వెళ్ళి కుండీకి తగిలింది. టప్! కుండీ రెండు ముక్కలు.

విరిగిన కొమ్మ చూసి శారదక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇసుక పడ్డ పులిహోర ఓ కవర్లోకి వంపేసి, వేళ్ళ మట్టి రాలకుండా మొక్కని ఆ గిన్నెలో కూర్చోబెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

అప్పుడు సుధ మెల్లగా అడిగింది. "ఏవండీ, పన్నెండేళ్ళుగా కంపెనీలో మీ పనేంటి?"

"పునాదుల డిజైను."

"ఇసుకలో బిల్డింగ్ దిగబడకుండా ఏం చేస్తారు?"

"పునాది అడుగున ఫుటింగ్ వెడల్పు పెంచుతాం. అప్పుడు బరువు పరుచుకుని..." అని ఆగిపోయా. దిగబడనిది జారక ఏం చేస్తుంది!

మొక్క బతికే ఉంది. మర్నాడే కొత్త కుండీ కొన్నా, అడుగు బాగా వెడల్పున్నది, పడిపోకుండా. శారదక్క దాన్ని కిందా మీదా చూసింది. ఆ ఒక్క మాట అప్పుడే అంది.

"ఇంజనీరు గారూ, ఇది జారదు కదా?"