మంద్రస్వరం

నర్సీపట్నంలో మా పక్కింటి మాస్టారు సింథసైజర్‌తో దయ్యాల సినిమాలకు సంగీతం చేసినాయన. ఆయన సాగదీసే ఒక్క మంద్రస్వరానికే జనం కుర్చీల్లో ముడుచుకుపోయేవారు. మంచి పేరున్న రోజుల్లోనే అన్నీ వదిలేసి ఊరొచ్చేశారు. ఇంట్లో మాత్రం ఎప్పుడూ చిటికెనవేలితో సింథసైజర్ మీద ఆ స్వరం మీటనే నొక్కి ఉంచేవారు.

ఒక మధ్యాహ్నం పనసతొనలు ఇద్దామని వెళ్ళాను. కరెంటు లేదు. అయినా ఆయన వేలు మీట మీదే ఉంది. నుదుటినిండా చెమట.

"మోగట్లేదు కదా మాస్టారూ, ఏటి వాయిస్తన్నారు?" అన్నాను.

"నా సెవుల్లో మోగుతందమ్మా. సినిమాలు మానేస్తే ఆగుద్దనుకున్నాను. ఈ పెట్టె మోగుతుంటే అది ఇనపడదు. కరెంటు పోతే దగ్గరకొచ్చేస్తది."

భయమేసి వెనుదిరగబోతే నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎల్లకమ్మా. ఏదో ఒకటి మాటాడు."

కరెంటు వచ్చేదాకా నోటికొచ్చిందల్లా మాట్లాడాను. ఊపిరి తీసుకోవడానికి ఆగినా చాలు, ఆ పట్టు బిగిసేది.