ఆఖరి అర నుంచి ముందు వరసకు

నా చిన్నప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో మా పెద్దమ్మ ఒక కాలేజీ లైబ్రేరియన్. స్కూలు వదలగానే నేను అక్కడికే చేరేదాన్ని. చదువు మీద ప్రేమతో కాదు, అక్కడ ఫ్యాను ఉండేది.

కాలేజీ కొత్తది. ఓడ దిగిన పుస్తకాలు ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి, ఏ పద్ధతిలో నంబర్లు వేయాలో తేలక. మన దేశంలో పుట్టిన కోలన్ పద్ధతి చక్కనిదే, కానీ నేర్పేవాళ్ళంతా సముద్రానికి అవతలే ఉన్నారు. తేలికని పెద్దమ్మ అమెరికాలో పుట్టిన దశాంశ పద్ధతి ఎంచుకుంది. దాంతో ఒకటే చిక్కు. సాహిత్యంలో ఇంగ్లీషుకొక వరస, జర్మనుకొక వరస, ఫ్రెంచికొక వరస. తెలుగు, బెంగాలీ, తమిళం, హిందీ, మా దీవుల్లో జనం నిజంగా మాట్లాడే భాషలన్నీ కలిపి చిట్టచివర ‘ఇతర భాషలు’. మా దగ్గర జర్మన్ పుస్తకం ఒక్కటీ లేదు. అయినా దాని వరస దానికి గౌరవంగా ఖాళీగా ఉండాలట.

స్థానిక భాషను ముందుకు తెచ్చుకోవచ్చని ఆ పద్ధతిలోనే ఒక వెసులుబాటు ఉంది. ఒక భాషకిచ్చిన వెసులుబాటును పెద్దమ్మ నాలుగింటికి సర్దేసింది.

తనిఖీకి మెయిన్‌ల్యాండ్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తెలుగువారే. “ఏంటమ్మా ఇది? ప్రపంచానిదంతా ఒక దారీ, మీదొక దారీనా? వీటిని వెనక్కి పెట్టండి. లేదంటే కొత్త తెలుగు పుస్తకాలకు నేను సంతకం పెట్టను” అన్నారు. పెద్దమ్మ “సరే సార్” అంది. ఆవిడ అంత తేలిగ్గా సరే అంటే ఇంట్లో అందరం జాగ్రత్తపడేవాళ్ళం.

మర్నాడు ఆయన ఉత్తరం కొసనున్న డిగ్లీపూర్ బోటుకు టికెట్ తీసుకోవాలి. దగ్గరుండి ఇప్పిస్తానని పెద్దమ్మ ఫీనిక్స్ బే జెట్టీకి తీసుకెళ్ళింది, నన్నూ వెంటబెట్టుకుని. ఆయన దర్జాగా దీవులవాళ్ళకని వేరే ఉన్న మా లైన్లోనే నిలబడ్డారు. కౌంటర్‌లోని మనిషి చెయ్యి ఊపాడు.

“అరె సార్, ఇది ఐలాండర్ లైన్. మీది వో వాలా. అదర్స్.”

ఆ లైను టీ బండి దాటి ఎండలోకి పోయింది.

“అదర్సా? నేను ఆఫీసర్ని!”

“ఆఫీసరే సార్. ఐలాండర్ కాదు కదా.”

ఆయన పెద్దమ్మ వైపు తిరిగారు. “చూశారా, ఎవరూ ఏమిటీ అని అడగకుండా అదర్స్ అని తోసేయడమేనా?”

“నా బాధా అదే సార్. పాపం, పుస్తకాలకు మీలా గట్టిగా అడిగే నోరు లేదు.”

ఆయన ఎండలోకి నడిచారు. లైను నెమ్మదిగా కదిలింది. ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక. టికెట్ చేతికొచ్చాక మా దగ్గరికొచ్చి, “మీ పుస్తకాలు ముందు వరసలోనే ఉంచుకోండి. నేను చూడలేదనుకోండి” అన్నారు.

“చూసి ఒప్పుకున్నారనే రాస్తాను సార్,” అంది పెద్దమ్మ. రాసింది. ఆయన సంతకమూ పెట్టారు.

ఇప్పుడు మా మనవరాలు తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడానికే తంటాలు పడుతుంది. ఏ లైబ్రరీకి తీసుకెళ్ళినా “అమ్మమ్మా, తెలుగు ఎక్కడ?” అంటుంది. వెనక అరలో ఉంటే నేనే ఒక పుస్తకం తెచ్చి, ఎవరినీ అడక్కుండా ముందు వరసలో పెడతాను. సాయంత్రానికి లైబ్రరీవాళ్ళు మళ్ళీ వెనక్కి పెడతారు. నాకేం తొందర లేదు. రిటైరైనదాన్ని, రేపు కూడా వస్తాను.